నిష్ఠూర విభాగం

మూడో నిమిషంలో చేతులు వచ్చాయి. సుభాషిణి వాటికోసమే కాచుకుని ఉంది. ముడతలు పడ్డ రెండు చేతులు, వాటిలో తోలుసంచి, సంచిలోంచి నెమ్మదిగా బయటికొచ్చే పాత కెమెరా, వెనకాల వేణువు. ఈ వారం ఆమె చూసిన వాటిలో ఇది ఇరవై ఆరో చిత్రం, ఇవి పదిహేడో జత చేతులు. మణికట్టుకున్న నాడిపట్టీ ఒకసారి వెచ్చబడి చల్లారింది. చిరాకు నమోదయింది.

అయినా చివరిదాకా చూసింది. మధ్యలో లేవకపోవడం ఆమె నియమం. తిట్టదలుచుకున్నవాణ్ణి పూర్తిగా మాట్లాడనివ్వాలి కదా. తెర ఆగాక ఇలా రాసింది:

"'కాంతి రాసిన ఉత్తరం'. ఫోటోగ్రఫీ మీద తీసిన ఈ పన్నెండు నిమిషాల చిత్రంలో ఫోటోలు కనిపించేది నలభై సెకన్లు. మిగతా కాలమంతా ఫోటోగ్రాఫర్ గొప్పతనం ఫోటోగ్రాఫరే చెప్పాడు. తన పెళ్ళికి తనే సన్నాయి ఊదుకున్నట్టుంది. తీయాలి."

"పొంతన ఉంది" అంది తీర్పరి. తీర్పరి అంటే రాతపలకలోని యంత్రం. ఆమె రాసిన మాటా, ఆమె నాడి చెప్పిన మాటా ఒకటేనని దాని అర్థం. చిత్రం సాయంత్రం నాలుగింటి కరిగింపు జాబితాలోకి జారిపోయింది.

తరవాతది 'ఎర్రదీపం'. దానికి ఆమె రాసిన నిష్ఠూరం ఇంకా చిన్నది. "చీకటిగది గురించి తీశారు. చీకటి బాగా కుదిరింది. గది కనిపించలేదు. తీయాలి." దానికీ పొంతన ఉంది.

కొత్త బందరు కరకట్ట మీదున్న ఒక భవనం అయిదో అంతస్తులో నిష్ఠూర విభాగం ఉంటుంది. గుమ్మం మీద "అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు" అని చెక్కించారు. కింద నాలుగంతస్తులూ చలువశాల. లోకం జ్ఞాపకాలన్నీ అక్కడి యంత్రాల్లోనే ఉంటాయి, కృష్ణ నీళ్ళు తాగుతూ. ఒక్కో చిత్రాన్ని చల్లగా ఉంచడానికి ఎన్ని బిందెలు పోతాయో ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. కుళాయి రాని రోజున వాళ్ళ అమ్మలు తిట్టేది ఆ చలువశాలనే.

ఇప్పుడు ఫోటోలు తీసేవాళ్ళెవరూ లేరు. ఏ ఇంట్లో చూసినా బొమ్మగత్తె అనే యంత్రం ఒకటి ఉంది. తలుచుకుంటే చాలు, తలుచుకున్నట్టే బొమ్మ కట్టి గోడమీద నిలబెడుతుంది. పెళ్ళికి రాని బావ పెళ్ళిలో ఉంటాడు, లేని నగ మెడలో ఉంటుంది. నిజంగా వెలుగు పడి అచ్చయిన పాత ఫోటోలు మాత్రం చలువశాలలో కుప్పలుగా మిగిలిపోయాయి. అన్నిటినీ ఉంచడానికి నీళ్ళు చాలవు. అందుకని నిబంధన పెట్టారు: ఏ ఫోటోల కుప్ప నిలవాలన్నా దాని మీద పన్నెండు నిమిషాల్లోపు ఆధారచిత్రం ఒకటి ఉండాలి, ఆ చిత్రం బాగుండాలి. బాగాలేదని తేలితే చిత్రంతోపాటు దాని మూలాలు, అంటే ఆ ఫోటోలు, అదే సాయంత్రం నాలుగింటికి కరిగిపోతాయి. దాంతో సినిమా తీయడం చేతకానివాళ్ళంతా సినిమాలు తీశారు. ఫోటోగ్రఫీ మీద ఇన్ని చెడ్డ డాక్యుమెంటరీలు ఏ కాలంలోనూ పుట్టి ఉండవు.

తల్లిదండ్రులు ముచ్చటపడి ఆమెకి సుభాషిణి అని పేరు పెట్టారు. పంతొమ్మిదేళ్ళుగా ఆ పేరు నిష్ఠూరాల కింద సంతకంగా ఉంటోంది. ఆమె దయలేని మనిషి అని విభాగంలో అందరూ అంటారు. అది పూర్తిగా నిజం కాదు. దయతో "ఉంచాలి" అని రాసిన ముగ్గురిని ఆమె చూసింది. మాట ఒకటి చెప్పింది, నాడి ఇంకొకటి చెప్పింది. పొంతన లేదని తీర్పరి వాళ్ళ రాతలు కొట్టేసింది, విభాగం వాళ్ళని ఇంటికి పంపింది, ఆ సినిమాలు వేరేవాళ్ళ బల్ల మీదికి వెళ్ళి మర్నాడే కరిగిపోయాయి. ఆ దయవల్ల ఎవరికి ఒరిగిందేమిటి? అంతకన్నా ఉన్నమాట అనేయడమే ఆమెకి మర్యాదగా తోచింది.

మధ్యాహ్నం రెండింటికి 'నీటిబిడ్డలు' తెరమీదికి వచ్చింది. నిడివి పదకొండు నిమిషాలు. తీసినామె షేక్ మస్తాన్‌బీ, సముద్రం మింగేసిన ముత్తాయిలంక వాళ్ళ బిడ్డ. మూలాలు అరవై ఒక్క ఫోటోలు.

సూర్యోదయంతో మొదలైంది. సూర్యోదయం లేని ఆధారచిత్రం ఒక్కటి చూపిస్తే సుభాషిణి ఆ పూట కాఫీ ఇప్పించడానికి సిద్ధంగా ఉంది. తరవాత ఒక మగగొంతు అందుకుంది. "నీరు మనిషికి తల్లి. తల్లి ఒడిని వీడిన బిడ్డలం మనం." వయొలిన్ ఏడుపు అందుకుంది. అలలు, గవ్వలు, ఇసుకమీద అడుగులు. తొమ్మిదో నిమిషంలో ఒకే ఒక్క ఫోటో తెరనిండా నిలిచింది. నడుం లోతు నీళ్ళలో నలభై మందికి పైగా జనం, నెత్తిన మూటలు, చంకన పిల్లలు, వెనకాల ఖాళీ పడవ. అందరూ నవ్వుతున్నారు. పళ్ళు కనిపించేలా, కళ్ళు మూసుకుపోయేలా నవ్వుతున్నారు. ఆమె ముందుకి వంగింది. ఎనిమిది సెకన్లకల్లా ఫోటో పోయి నీటిబొట్టు వచ్చింది, మళ్ళీ వయొలిన్ మొదలైంది.

నాడిపట్టీ చెయ్యి కాలేంత వేడెక్కింది. ఇంత కోపం ఆమెకి ఈ మధ్యకాలంలో ఏ సినిమా మీదా రాలేదు.

నిబంధన ప్రకారం తుది మాటకి ముందు పావుగంట ఎదురుబదురు ఉంటుంది. సినిమా తీసినవాళ్ళు వస్తే చిత్తు నిష్ఠూరం వాళ్ళ మొహాన చదవాలి. చాలామంది రారు. వచ్చినవాళ్ళు విని, ఏడ్చి, లేచిపోతారు. సుభాషిణి ఎవర్నీ ఏమీ అడగదు. అడగాలని నిబంధనలో లేదు.

మస్తాన్‌బీ మూడున్నరకి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. రొయ్యల షెడ్డు నించి నేరుగా వచ్చినట్టుంది, చేతులకి చల్లటి నీళ్ళలో నానిన తెల్లదనం ఇంకా పోలేదు. కూర్చోమనకముందే కూర్చుంది.

"చదవండి మేడమ్. వింటాను."

సుభాషిణి చదివింది. వ్యాఖ్యానం అబద్ధం, సంగీతం అనవసరం, దృశ్యాలు ఎక్కడైనా దొరికేవి అని చదివింది. మస్తాన్‌బీ ఏడవలేదు, లేవలేదు.

"అయిపోయిందా అండీ?"

"అయింది. ఆ వ్యాఖ్యానం ఎవరు రాశారు?"

"మా స్కూలు మాస్టారండి. ఆయనకి కవిత్వం వచ్చు."

"వచ్చునని ఆయన అనుకుంటున్నారు."

మస్తాన్‌బీ మొహం గట్టిపడింది. "నాకు సినిమా తీయడం రాదండి. నేను రొయ్యలు గ్రేడింగ్ చేస్తాను. ఫోటోలు ఉండాలంటే సినిమా తీసుకురమ్మంది మీవాళ్ళే. రాని పని చేయించి, రాలేదని తిడితే ఎట్టాగండీ? మీరొచ్చి మా షెడ్డులో రొయ్యలు ఏరండి. కిలోకి ఇన్నని కౌంటు తప్పితే నేనూ ఇట్టాగే చదివి వినిపిస్తాను."

ఆ మాట సుభాషిణికి తగిలింది. తగిలినట్టు కనిపించడం ఆమెకి చేతకాదు కాబట్టి గొంతు పెంచింది.

"సినిమా రాకపోవడం కాదమ్మా నా బాధ. ఊరు మునిగిపోతున్న రోజు, జనం నడుంలోతు నీళ్ళలో నిలబడి పగలబడి నవ్వుతున్నారు. దాన్ని ఎనిమిది సెకన్లు చూపించి, నీరు తల్లి అని వయొలిన్ వాయించారు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో చెప్పలేదు. అందుకు మండింది నాకు." ఆగి, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి అడిగింది. "ఎందుకు నవ్వుతున్నారు?"

మస్తాన్‌బీ ఆమె వంక అనుమానంగా చూసింది. అడుగుతున్నది వెక్కిరించడానికేమోనని చూసినట్టుంది. తరవాత చెప్పింది.

"అది తీసింది మా మేనమామ ఖాసిం అండి, ముంపువాళ్ళ క్యాంపులో పనిచేసేవాడు. పడవలు కదిలేలోపు అందరికీ ఫోటోలు తీయాలని క్యాంపువాళ్ళు పంపించారు, కాయితాలకి. మామ వచ్చేసరికి జనం పడవెక్కి కూర్చుని ఏడుస్తున్నారు. గాలి హోరుమంటోంది. మామ గట్టుమీద నించి కేకేశాడు, 'ఫోటో దిగాలి, ఫోటో దిగాలి' అని. గాలికి ఫోటో అన్న మాట కొట్టుకుపోయి, దిగాలి ఒకటే వినపడిందండి. క్యాంపాయన దిగమంటున్నాడంటే పడవ మునుగుతుందేమోనని నలభై ముగ్గురూ నీళ్ళలోకి దూకేశారు. మూటల్తో సహా, కోళ్ళతో సహా. మామ నెత్తి కొట్టుకుని, 'దిగడమంటే ఆ దిగడం కాదర్రా, ఫోటో దిగడం' అన్నాడు. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదంట. తరవాత ఒకళ్ళనొకళ్ళు చూసుకుని మొదలెట్టారు. మామ అప్పుడు నొక్కాడండి."

సుభాషిణికి నవ్వు వచ్చింది. ఆపుకోలేదు. నవ్వాక ఇంకా కోపం వచ్చింది.

"ఇదెందుకు లేదు సినిమాలో?"

"మాస్టారు వద్దన్నారండి. ఊరు పోయిన రోజు కదా, నవ్వులాట పెడితే గౌరవంగా ఉండదన్నారు."

"ఆయన్ని..." అని సుభాషిణి పంటి బిగువున ఆగింది.

"రెండో వరసలో గోడగడియారం నెత్తిన పెట్టుకున్న పిల్ల మా అమ్మ" అంది మస్తాన్‌బీ. "క్యాంపుకి వెళ్ళాక మా అమ్మ నవ్వలేదండి. నేను పుట్టాక కూడా నవ్వలేదు, పోయేదాకా చూళ్ళేదు నేను. ఇంట్లో బొమ్మగత్తెని అడిగితే ఏడుపు మొహం అమ్మనే కట్టిస్తది. నాకు గుర్తున్నది అదేగా మరి. కాయితం మీద ఉన్న ఫోటో ఉప్పుగాలికి పొరలు లేచిపోయింది. ఇప్పుడు నవ్వే అమ్మ మీ కింద చలువశాలలో ఉన్నదొక్కతే. నాలుగింటికి పోద్దంటున్నారు."

అడక్కుండానే తలుపు తెరుచుకుంది. అధీక్షకుడు పానకాలరావు లోపలికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. చలువశాల నీళ్ళ మట్టం చూసీచూసీ మనిషి ఎండిపోయాడు.

"ఇంకా తేల్చలేదేంటి సుభాషిణిగారూ? పావుతక్కువ నాలుగయింది. మూడువందల పన్నెండు ఉన్నాయి జాబితాలో, మీ ఒక్కదానికోసం మూత వెయ్యలేకపోతున్నాను. మా వీధికి మూడ్రోజులకోసారి వస్తున్నాయి నీళ్ళు, తెలుసా?"

"తెలుసు సార్. మా వీధికీ అంతే."

"మరి కానివ్వండి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేకండి."

సుభాషిణి రాతపలక దగ్గరికి లాక్కుంది. ఏం రాయగలదు? "ఉంచాలి" అని రాస్తే అబద్ధం. ఆ సినిమా అంటే ఆమెకి ఒళ్ళు మంట, ఇప్పుడు ఇంకా ఎక్కువ. నాడి పట్టిస్తుంది. రాత కొట్టేస్తారు, సినిమా పక్కగది ఆదిశేషుకి వెళ్తుంది, అతను పది నిమిషాల్లో పని ముగిస్తాడు. "తీయాలి" అని రాస్తే గడియారం మోస్తున్న ఆ పిల్ల పావుగంటలో కరిగిపోతుంది. ఇన్నాళ్ళూ ఏ జాబితాలోనూ ఆమెకి ఒక మొహం కనిపించలేదు.

దిగాలి అన్న కేక ఇంకా చెవిలో ఉంది. ఆమె ఖాళీగా ఉన్న చివరి గడి వంక చూసింది. అక్కడ రాయగలిగిన మాటలు రెండే. తీసివేయాలి అని పెట్టాల్సిన చోట, నిబంధనలు రాసిన పెద్దమనిషెవరో రెండక్షరాలు పొదుపు చేసి తీయాలి అని పెట్టాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ మాటని ఆమె ఒక్క వైపునించే చదువుతోంది. పడవలో జనంలాగే, సగం విని దూకేస్తోంది.

చిత్తు మొత్తం చెరిపి కొత్తగా రాసింది.

"'నీటిబిడ్డలు' చెడ్డ సినిమా. పదకొండు నిమిషాల్లో పది నిమిషాల యాభై రెండు సెకన్లు దండగ. మిగిలిన ఎనిమిది సెకన్ల ఫోటోకి ఒక కథ ఉంది. అది తీసినామె నోట్లోనే ఉండిపోయింది. పరువు పోతుందని ఎవరో ఆమె నోరు మూయించారు. ఆ ఫోటో ముందు పెట్టుకుని, ఆమె గొంతుతో, ఈ సినిమా తీయాలి."

"పొంతన ఉంది" అంది తీర్పరి.

పానకాలరావు హమ్మయ్య అనుకుని వెనుదిరిగాడు. మస్తాన్‌బీ కళ్ళు మూసుకుంది. కానీ చిత్రం జాబితాలోకి జారలేదు. పలక మీద ఒక కొత్త వాక్యం వచ్చి నిలబడింది. తీర్పరి ప్రశ్న అడగడం ఆ గదిలో ఎవరూ ఎరగరు.

"ఏ తీయడం?"

పానకాలరావు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. "ఏ తీయడమేంటి? తీసేయడం అని కొట్టండి, అయిపోతుంది."

"నా ఉద్దేశం అది కాదు సార్."

"ఉద్దేశాలెవరడిగారమ్మా? మాటడిగింది."

"రెండూ కలిపే అడిగింది. చేతికి పట్టీ ఉంది కదా."

ఆయన ఆమె మొహం చూశాడు. ఇది పరాచికం కాదని అప్పుడు అర్థమయింది. "సుభాషిణిగారూ, ఆలోచించుకోండి. ఈ ఒక్కదానితో ఆగదిది."

ఆమె ఆలోచించుకుంది. ఎంతోసేపు కాదు. ఉద్యోగం పోవచ్చు. వీధిలో నీళ్ళు రాకపోతే తన పేరు చెప్పి తిట్టవచ్చు. రెండిటికీ భయమేసింది. భయపడుతూనే రాసింది.

"కెమెరా పెట్టి తీయడం. ఇంతవరకూ తీయలేదు."

తీర్పరి చాలాసేపు తీసుకుంది. చలువశాల మోటార్ల శబ్దం పై అంతస్తుకి వినిపించింది. తరవాత వాక్యాలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. "పొంతన ఉంది. ఇంకా తీయని చిత్రాన్ని కరిగించడం కుదరదు. మూలాలు నిలుపుదల. ఇదే మాటతో వచ్చిన మిగతా తీర్పుల అర్థం తేల్చాలి. నేటి జాబితా నిలుపుదల."

"అంటే ఉన్నట్టా, పోయినట్టా అండీ?" అంది మస్తాన్‌బీ.

"ఫోటో ఉంది. సినిమా లేదు. వెళ్ళి తీయండి. ఆ మాస్టార్ని దగ్గరికి రానివ్వకండి. ఇప్పుడు నాకెట్లా చెప్పారో అట్లా చెప్పండి, చాలు."

"అదీ బాగోలేదంటే?"

"బాగోలేదనే రాస్తాను."

మస్తాన్‌బీ దణ్ణం పెట్టలేదు. తిట్లు తిన్న మొహంతోనే లేచి, గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, "మీకు నవ్వొచ్చింది గదా ఇందాక" అంది. ఒప్పుకున్నట్టు సుభాషిణి తలూపింది. మస్తాన్‌బీ వెళ్ళిపోయింది.

నాలుగు దాటింది. ఏదీ కరగలేదు. పానకాలరావు కుర్చీలో కూలబడి కింది అంతస్తులకి ఫోన్లు చేస్తున్నాడు. "నీళ్ళకి ఎవర్ని సమాధానం చెప్పమంటారు?" అని ఎవరో అరుస్తున్నారు. ఆయన ఫోను మూసి సుభాషిణి వంక చూశాడు.

"నా పేరు చెప్పండి సార్" అంది ఆమె.

పక్కగదిలోంచి ఆదిశేషు వచ్చాడు. విభాగంలో అందరికన్నా వేగంగా రాసే మనిషి. చేతిలో పలక, మొహంలో కంగారు.

"అక్కా, నేనిచ్చిన వాటికన్నిటికీ ప్రశ్న వచ్చింది. ఏ తీయడం అని. ఇవాళ్టివి పదహారు. ఏం రాయమంటారు?"

"చూసినవాడివి నువ్వు. నన్నడుగుతావేంటి?"

అతను నేల చూపులు చూశాడు. "మొదటి నిమిషం చూస్తే నాడి చెప్పేస్తుంది గదక్కా. మిగతాది ఎవరు చూస్తారు?" అని, అంతలోనే ఎదురుతిరిగాడు. "మీరు చూశారా అన్నీ?"

పట్టీ ఇంకా ఆమె చేతికే ఉంది. "చూశాను. ప్రతిదీ చివరిదాకా చూశాను" అంది. "తీసినవాళ్ళని మాత్రం ఒక్కర్నీ ఒక్క మాట అడగలేదు."

పంతొమ్మిదేళ్ళలో కరిగిపోయినవాటి గురించి ఇప్పుడు ఎవర్నైనా పిలిచి అడగడానికి ఏమీ మిగల్లేదు. అందులో ఎందరి అమ్మలు ఉన్నారో, ఎవరెవరు ఎందుకు నవ్వారో, ఆ లెక్క తీర్పరి దగ్గర కూడా లేదు. ఆమె రాసిన ప్రతి నిష్ఠూరమూ నిజమే. అయినా చాలలేదు.

ఆదిశేషు తన గదికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. సుభాషిణి ఆ రోజు జాబితాలో తన పేరు మీద ఆగి ఉన్న చిత్రాలని వేరు చేసింది. ఏడు. ఒక్కోటి తీసినవాళ్ళ చిరునామా వెతికి, ఏడుగురికీ ఒకటే కబురు పెట్టింది.

"మీ సినిమా బాగాలేదు. అందులో మార్పు లేదు. రేపు ఒకసారి వచ్చి, ఆ ఫోటోలు తీసిన రోజు ఏం జరిగిందో చెప్పి వెళ్ళండి."